మునెమ్మకు చూపించిన ఇల్లు

అత్తిముగం, మంగళవారం

మధ్యాహ్నం బేరిగై నుంచి మునెమ్మ అనే ముసలామె వచ్చింది. చిన్నప్పుడు వాళ్ల నాయనతో మా జిల్లాలోని పోచంపల్లి సంతకు గొర్రెలు తోలుకుపోతూ ఒక రాత్రి మా ఇంట్లో దిగిందట. నేను సంబరపడి ఇల్లంతా తిప్పాను. బాటసారులు పడుకున్న పెద్ద నడవ చూపించి, "మా తాత ఎవురినీ ఉత్త కడుపుతో పంపలేదంట అవ్వా" అన్నాను.

"అన్నం పెట్టినారు తల్లీ, అబద్ధమెందుకు? లోపలికే రానీలేదు. వానలో గొడ్ల కొట్టంలో పండుకున్నాము. మా నాయన్ని ఆడనే పాము కరిచింది. తలుపు కొట్టి కొట్టి అరిచినాను. తెల్లారేదాకా ఎవురూ తీయలేదు."

ఆమె చూడాలని వచ్చింది ఆ చోటే. కొట్టం పడగొట్టి చాలా ఏళ్లయింది, ఇప్పుడక్కడ మా కారు ఉంటుంది. ఆ కారు పక్కనే సిమెంటు నేల మీద కాసేపు కూర్చుంది.

నేను వంటింట్లోకి వెళ్లి అమ్మను అడిగాను, ఇది నీకు తెలుసా అని.

"మీ నాయన చెప్పినాడు. ఆ పాత కతలు ఇబుడెందుకు?" అంటూనే అమ్మ కాఫీ పోసింది. నాకు స్టీలు గ్లాసులో, ఆమెకు కాగితం కప్పులో.

నేను చూశాను. గ్లాసు మార్చి ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? రెండూ పట్టుకెళ్లి, ఆమె కప్పు ఆమెకే ఇచ్చాను.

బస్సెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచిదానివమ్మా, ఇల్లంతా చూపిస్తివి" అంది.

నేను తల ఊపాను.