బాపు చూసిన మంచు

బుధవారం, రాత్రి

లడఖ్‌లో తీసిన కొండ ఫొటోకి కంప్యూటర్లో రంగులు సరిచేస్తుంటే బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“మంచు గింత పసుపుపచ్చగ ఉంటదా బిడ్డా?”

నాకైతే తెల్లగానే ఉంది. నీలం పెంచుతూ పోయాను. నా కంటికి మంచు మొత్తం నీలమయ్యాక, “ఆఁ, గిప్పుడు మస్తు తెల్లగైంది” అన్నాడు.

అప్పుడు గణపతుల కళ్లు గుర్తొచ్చాయి. మా ధూల్‌పేట షెడ్డులో గణపతులకు అన్ని రంగులూ ఆరాక చివరగా కళ్లు దిద్దేది ఆయనే. మొన్న ఆ కళ్ల తెలుపులో నీలం చూసి, “గిదేం కొత్త ఫ్యాషన్ బాపూ?” అని నవ్వాను. ఆయన కంట్లో శుక్లం పొర వచ్చి తెలుపు పసుపుగా కనిపిస్తోందేమోనని తట్టనేలేదు.

రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి రమ్మని ఎలా ఒప్పించాలో... ఆ ఫొటోను మాత్రం అలాగే దాచాను. ఆపరేషన్ అయ్యాక చూపించి, “మంచుకు గింత నీలమెందుకు పోసినవే?” అని ఆయనతో తిట్లు తినాలి.