ఆధారం అందినది

నగర పాలక మండలి కమిషనరు గారి సముఖమునకు,

మండలి వారి అద్దె ఇళ్ళ సముదాయం, వెనక బ్లాకు, మూడో అంతస్తులో కాపురముంటున్న సిటీ బస్సు కండక్టరు మిక్కిలి వినయంతో సమర్పించుకునే అర్జీ.

అయ్యా,

విషయం: మా మెట్లకు ఆధారం కోరగా, మా దగ్గరే ఆధారం తీసుకుని, అందినట్టు రాసుకుని, ఫిర్యాదును పరిష్కరించిన తమ కార్యాలయాన్ని అభినందించుట – మరియు మా అక్క కుట్టు దుకాణం ఊడకుండా కాపాడమని వేడుకొనుట – గురించి.

సూచిక: నా మొదటి అర్జీ; దానికి తమ జవాబు; ఆ జవాబుకు నా జవాబు; దానికి తమ ఒక్క ముక్క.

పై విషయమై తమకు మనవి చేసుకునేది ఏమనగా:

1. నేనూ మా అక్కా ఒకే ఇంట్లో ఉంటాము. చిన్నప్పుడు జబ్బు చేసి అక్కకు ఎడమకాలు చచ్చుబడింది. అయినా ఆమె ఎవరినీ పిలవకుండా, మెట్ల పక్కనున్న ఇనప రెయిలింగు పట్టుకుని రోజూ పొద్దున్నే కిందకు దిగి, బ్లాకు కింద మండలి వారు కేటాయించిన దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చునేది. పేటలో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు లేరు. 'మిషనక్క' అంటే చంటిపిల్లలు కూడా దారి చూపిస్తారు. చలికాలం ఇనుము చేతికి జివ్వుమంటోందని, చెయ్యి పడే చోటల్లా గళ్ళగుడ్డతో తనే తొడుగులు కుట్టి రెయిలింగుకు తొడిగింది. మండలి వారి ఆస్తికి అనుమతి లేకుండా బట్టలు తొడిగినందుకు ఈ అర్జీలోనే క్షమాపణ కూడా కోరుకుంటున్నాను.

2. ఇలా ఉండగా మండలి వారు మా బాగు కోరి 'నివాసితుల దినం' జరపతలపెట్టారు. ఆ సందర్భంగా తమ సిబ్బంది వచ్చి మా రెయిలింగును ఊడదీశారు. మా అక్క గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఎక్కడికి నాయనా, తీసుకుపోతున్నారు?"

"రంగేసి రెండ్రోజుల్లో తెచ్చి బిగించేస్తాం అక్కా. తళతళా మెరిసిపోతుంది చూడు."

"ఆ రంగేదో ఇక్కడే వెయ్యచ్చుగా?"

"ఇక్కడేస్తే నీ చేతికే అంటుతుంది కదక్కా. మీ మంచికే చెబుతున్నాం."

మా మంచికే అని మండలి వారు ఏది మొదలుపెట్టినా మాకు గుండె గుభేలుమంటుంది. ఈసారి కూడా ఆ గుండె పొరబడలేదు.

3. రెయిలింగు పట్టుకుపోయిన మండలి వారు మమ్మల్ని ఒట్టి చేతులతో వదిలేశారని ఎవరైనా అంటే నేను ఊరుకోను. మర్నాడే ఒక పెయింటరు వచ్చి, రెయిలింగు ఉండిన వైపు గోడ మీద పెద్ద చెయ్యి బొమ్మ వేసి, కింద 'మీ చెయ్యి వదలం – మీ నగర పాలక మండలి' అని రాసి వెళ్ళాడు. అక్షరాలు చాలా బాగున్నాయి. మా అక్క ఆ గోడకు ఆనుకుని రెండు మెట్లు దిగే ప్రయత్నం చేసింది. పచ్చిరంగు అరచేతికి అంటింది. వెనక్కి వచ్చి చెయ్యి కడుక్కుంటూ, "ఏరా, దానికి గోళ్ళు కూడా వేశారు గానీ పట్టు వెయ్యడం మరిచిపోయారు" అంది.

4. నివాసితుల దినం నాడు నేను డ్యూటీ దిగి నేరుగా సభకు వెళ్ళాను. వేదికకు కొత్తగా కట్టిన మెట్ల పక్కన మా రెయిలింగు ఉంది. రంగు పడలేదు. గళ్ళగుడ్డ తొడుగులు కూడా అలాగే ఉన్నాయి. దాన్ని పట్టుకుని మండలి అధ్యక్షుల వారు జాగ్రత్తగా పైకెక్కి, ఈ నగరంలో ఏ నివాసీ ఒంటరి కాడని మాట్లాడారు. మేమూ చప్పట్లు కొట్టాము. తరవాత ఏర్పాట్లు చూసే ఆయన్ని పక్కకు పిలిచి, "అయ్యా, అది మా మెట్లది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పెద్దవాళ్ళు ఎక్కే మెట్లయ్యా అవి. పట్టుకోను ఏమీ లేకపోతే పడిపోరూ?" అన్నారు. నిజమే. మేము పడితే వార్త కాదు. వేదిక ఇప్పటికీ విప్పలేదు. వచ్చే సభకు పనికొస్తుందని అలాగే ఉంచారట.

5. అప్పుడు నేను తమకు మొదటి అర్జీ పెట్టుకున్నాను. తప్పు జరిగింది ఇక్కడే, ఆ తప్పు పూర్తిగా మాది. నేను 'రెయిలింగు' అని రాయబోతే, రెండో అంతస్తులో ఉండే రిటైరైన మాస్టారు నా చేతిలో కలం లాక్కున్నారు. "కమిషనరు గారికి రాసే కాగితంలో రెయిలింగు ఏమిటయ్యా, నాటుగా! 'ఆధారం' అని రాయి, హుందాగా ఉంటుంది" అన్నారు. సరే, హుందాగానే రాశాను: 'మా అక్క మెట్లు దిగుటకు ఆధారం లేదు, కావున ఆధారం ఇప్పించ ప్రార్థన.'

తమ జవాబు వచ్చింది: 'ఆధారం లేని ఫిర్యాదులు పరిశీలించబడవు. ఆధారం సమర్పించవలెను.'

బస్సెక్కినవాడు టికెట్టు అడిగితే, ముందు టికెట్టు చూపించు అప్పుడిస్తాను అనే పద్ధతి నా సర్వీసులో నేను ఎరుగను. అయినా తమ మాట జవదాటకుండా మెట్ల ఫోటోలు, డాక్టరు గారి కాగితం, మాస్టారి సంతకం జతచేసి పంపాను. దానికి తమ కార్యాలయం ఒకటే ముక్క రాసింది: 'ఆధారం అందినది. ఫిర్యాదు పరిష్కరించబడినది.'

నేను స్వయంగా తమ ఆఫీసుకు వెళ్ళి ఆ సీటులో వారిని కలుసుకున్నాను.

"మీకు ఆధారం అందినట్టు రికార్డులో ఉందండీ" అన్నారు వారు.

"అందింది మాకు కాదండీ, మీకు."

"ఎవరికైతేనేం? అందిందా, లేదా?"

"అందింది."

"మరింకేం?"

మండలి వల్ల ఆధారం పొందిన కుటుంబాల లెక్కలో ఈ ఏడు మేము కూడా ఉన్నామని వారే శుభవార్త చెప్పి, నెక్స్ట్ అన్నారు. మాస్టారు మాత్రం అప్పటినుంచి నేను ఎదురుపడితే తల వంచుకుని మెట్లు చూసుకుంటూ పోతున్నారు.

6. తరవాత కొన్నాళ్ళు అక్కను నేనే వీపున మోసి దింపాను. ఒకరోజు రెండో అంతస్తు మలుపులో ఎవరో పిల్లలు చూసి నవ్వారు. మర్నాడు ఆమె, "బస్తాను మోసినట్టు మోస్తున్నావురా. నేను దిగను పో" అని మంచం మీద అటు తిరిగి పడుకుంది. 'దిగేవాళ్ళు ముందుకు రండి' అని రోజంతా గొంతు చించుకునే ఉద్యోగం నాది. సొంత అక్కను దింపుకోలేకపోయానని ఆ రోజు బస్సులోనే నాకు ఏడుపొచ్చింది. ఇది అర్జీలో రాయదగిన విషయం కాదని తెలుసు, కొట్టివేయగోరుతాను.

7. మండలి వారు మాత్రం మమ్మల్ని మరవలేదు. దుకాణం షట్టరు మీద నోటీసు అంటించారు: 'అకారణంగా మూసి ఉంచినందున కేటాయింపు ఏల రద్దు చేయరాదో తెలుపవలెను.' మిషను ఇంటికి తెచ్చుకుని పైనే కుట్టుకోవచ్చు కదా అని తమ సీటులో వారు ఉచిత సలహా ఇచ్చారు. అలా కుడితే నివాస గృహంలో వ్యాపారం చేసినందుకు ఇల్లు కూడా ఖాళీ చేయిస్తామని పక్క సీటులో వారు మరింత ఉచితంగా చెప్పారు. అమ్మా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత వీరు విన్నారో లేదో నాకు తెలియదు. ఆ దుకాణం పోతే మా అక్కకు పోయేది షట్టరూ మిషనూ మాత్రమే కాదయ్యా. మనుషులు పోతారు. రోజూ ఆ గడప దగ్గర నిలబడి ఊళ్ళో సంగతులన్నీ ఒలకబోసే వాళ్ళెవరూ మూడంతస్తులెక్కి రారు.

8. ఇప్పుడు విచారణ వచ్చే బుధవారం పెట్టారు. దుకాణదారు 'స్వయంగా హాజరు కావలెను, పిలిచినప్పుడు లేనిచో రద్దు'. ఆమె తరఫున నేను వస్తానంటే కుదరదన్నారు. "పోనీ ఎలాగో తీసుకొస్తాను" అంటే, "తీసుకురండి. వస్తే మెట్లు దిగగలరనేగా అర్థం? రెయిలింగు ఫిర్యాదు అబద్ధమని రాసేస్తాం" అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కప్ప ఎవరో, పాము ఎవరో తమకే వదిలేస్తున్నాను.

కావున తమరు దయతలచి, (అ) వేదిక దగ్గరున్న మా రెయిలింగును, రంగు వెయ్యకపోయినా సరే, తిరిగి బిగింపించవలెను; (ఆ) అంతవరకు దుకాణం జోలికి రాకుండా తమ సిబ్బందిని ఆజ్ఞాపించవలెను; (ఇ) పై రెండూ కుదరనిచో, గోడ మీది చెయ్యి బొమ్మనైనా చెరిపించవలెను, రోజూ దాని ముఖం చూడలేకపోతున్నాము.

నిలబడి చదివే తీరిక లేకపోతే కూర్చునైనా ఈ ఒక్కసారి పూర్తిగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆధారం పొందిన కుటుంబీకుడు,
మూడో అంతస్తు కండక్టరు

తా.క.: అయ్యా, ఇది వాడి రాత కాదు, నాది. కాగితం చదివి వినిపించి, దుకాణం నా పేర ఉంది కనక నన్నూ సంతకం పెట్టమని నా చేతికిచ్చి డ్యూటీకి పోయాడు. నన్ను మోసి మోసి వాడి నడుము పట్టేసింది. రాత్రిళ్ళు గోడ పట్టుకుని లేస్తున్నాడు. ఆ సంగతి ఇందులో రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను. వాడి వెటకారం చూసి మీకు కోపం వస్తే నా మీద పడండి, వాణ్ణి ఏమీ అనకండి. బుధవారం నేను వస్తాను. వాడు డ్యూటీకెళ్ళాక బయలుదేరతాను. కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగడం నిన్న చేసి చూశాను. వీలవుతుంది, కాకపోతే చాలాసేపు పడుతుంది. మీరు పిలిచేసరికి నేను కనబడకపోతే రాలేదని రాసెయ్యకండి. నేను మెట్ల మీదే ఉంటాను.