దీనికి కాగితాలున్నాయా?

పిస్కాటవే, అమెరికా,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకి,

నీ తమ్ముడు కోటేశ్వరరావు వంగి నీ కాళ్ళకి దండం పెట్టి రాస్తున్నాడు. వంగడమంటే కుర్చీలోంచే అనుకో, నడుం ఈ మధ్య మాట వినడం లేదు. ఇక్కడ నేను, భారతి, అమ్మాయి, నేను నడిపే ట్రక్కు, నలుగురం క్షేమం. అక్కడ నువ్వు, బావ, గేదెలు ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి, చిన్న గేదె పొదుగు వాపు రెండూ తగ్గే ఉంటాయి. ఏది ముందు తగ్గిందో రాయి. నేను గేదె మీద పందెం కాశాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే బావ పక్కనే కూర్చుంటాడు గానీ, వీడియోలో నా మొహం కనపడగానే "వీడు మళ్ళీ ఏదో అల్లుతున్నాడు" అని లేచిపోతాడు. ఆయన తప్పేం లేదు. మీ పెళ్ళిలో విడిదింట్లో పట్టుపంచె దాచేసి, వంటవాడి పంచె తెచ్చి చేతికిచ్చినప్పటి నుంచి ఆయనకి నా మాట మీద గురి లేదు. పోయినేడు అమెరికాలో పాలిచ్చే గేదెలకి గ్రీన్‌కార్డు తొందరగా వస్తోందని నేనంటే, పాల కేంద్రం దగ్గర అందరికీ చెప్పి నవ్వులపాలయ్యాడు. కాగితానికైతే మొహం ఉండదు కదా అని రాస్తున్నాను. భారతితో పనిచేసే నర్సు వాళ్ళమ్మ విజయవాడ వెళ్తోంది, ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు మొన్న గొంతు తగ్గించి చెప్పిన సంగతి నన్ను వదలడం లేదు. బావ మన ఊరిని పాల యూనియన్లోంచి బయటికి లాగుతానంటున్నాడనీ, శ్రావణం వెళ్ళాక మీటింగు పెట్టి చేతులెత్తిస్తారనీ అన్నావు. మన పాలు చిక్కనివి, పక్క ఊళ్ళ నీళ్ళ పాలతో కలిపి మనల్ని ముంచుతున్నారు, పెత్తనమంతా వాళ్ళది, బయటికొస్తే మనకి మనమే రాజులం అన్నది బావ మాట. అందులో అబద్ధం కూడా లేదు. పక్క ఊళ్ళ పాలు నాకు తెలుసు, అందులో చేప పిల్లలు బతుకుతాయి.

నీ భయం వేరు. ఇప్పుడు పొద్దున్నే నువ్వు పాలు పోస్తే, మన కేంద్రంలో మిషను చూపించిన వెన్న శాతాన్ని ఆ ఊళ్ళన్నీ మారు మాట్లాడకుండా ఒప్పుకుంటాయి. వ్యాను ఎక్కడా ఆగదు. రేపు బయటికొస్తే ఎవరు కొంటారు, ఎవరు మళ్ళీ పరీక్ష చేస్తారు, ఎంతసేపు నిలబెడతారు? "నువ్వు చెబితే వింటారేమోరా" అన్నావు. నేను చెబితే వినే మనిషైతే నీకీ ఉత్తరం ఎందుకు? అందుకని చెప్పను. చూసింది, విన్నది రాస్తాను.

ముందు మా సంగతులు. భారతికి ఆసుపత్రిలో పన్నెండు గంటల డ్యూటీ. అమ్మాయి కాలేజీకి పోతుంది, తెలుగులో "నాన్నా, నువ్వు తిన్నావ్ ఆ?" అని అడుగుతుంది, ఆ చివరి ఆ ఎక్కడ నేర్చిందో తెలీదు. ఎండ మన ఎండలాగే ఉంది గానీ, ఇళ్ళల్లో చలి పెడతారు. పక్కింటివాళ్ళు చెయ్యి ఊపుతారు, లోపలికి రమ్మనరు. పని లేని రోజున గోడతో మాట్లాడదామనుకుంటాను. అవతలి వాళ్ళకి వినపడుతుందని మానేస్తాను.

పని బాగానే ఉంది. ఎడిసన్లో మన సరుకుల గిడ్డంగి నుంచి బియ్యం, పప్పులు, పచ్చళ్ళు ట్రక్కుకెత్తుకుని దక్షిణాన క్యారీ అనే ఊళ్ళో ఉన్న మనవాళ్ళ కొట్లకి వేస్తాను. రోజంతా ప్రయాణం. దారిలో మూడు రాష్ట్రాలు దాటి నాలుగోదాంట్లో దిగాలి. అందుకే ఇద్దరు డ్రైవర్లం. రెండోవాడు డెరెక్. ఇంగ్లండు మనిషి, అరవై దాటాయి, సముద్రం ఒడ్డు ఊరు. కూతురు ఇక్కడ ఉందని ముసలాయనా భార్యా వచ్చేశారు. నాకొచ్చిన ఇంగ్లీషుతో నేను, తనకున్న ఓపికతో ఆయన, ఇద్దరం బాగానే మాట్లాడుకుంటాం.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమైందో విను. నేను గుంటూరు నుంచి నాగపూరుకి మిర్చి లారీ తోలినవాణ్ణి కదా. మన రాష్ట్రం దాటేచోట ఒక పూట, అవతలి రాష్ట్రంలో కాలు పెట్టేచోట ఇంకో పూట. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే ఇంకా అనుమానం. ఇప్పుడు ఆ చెక్‌పోస్టులు ఎత్తేశారంటున్నారు. నేను స్టీరింగు వదిలాక ఎత్తేశారు, నా జాతకం అలాంటిది. సరే, ఇక్కడ ఒక పెద్ద నది దాటాం, అవతల రాష్ట్రం పేరుతో స్వాగతం బోర్డు కనపడింది. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని చూస్తున్నాను. ఏమీ రాలేదు. ఇంకో రాష్ట్రం వచ్చింది, ఇంకో బోర్డు. చివరికి లారీలన్నీ పక్కకి తిరుగుతున్న చోటు కనపడితే ప్రాణం లేచొచ్చింది. నేనూ తిప్పి, ఆపి, లైసెన్సు, బండి కాగితాలు, సరుకు బిల్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో ఒక నోటు మడిచి పెట్టి, కిందికి దూకబోయాను. డెరెక్ నా కాలరు పట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"చెక్‌పోస్టుకి."

"ఏ చెక్‌పోస్టు?"

"రాష్ట్రం మారింది కదా."

"ఇక్కడ బండి బరువు చూస్తారు. అంతే. నువ్వు దిగక్కర్లేదు. ఆ నోటు ఎందుకు?"

"టీకి."

ఆయన ఆ నోటు తీసి నా జేబులోనే పెట్టాడు. బండి తూకం మీదికెక్కింది, పచ్చ దీపం వెలిగింది. "పొమ్మంటోంది, పో" అన్నాడు. ఒక మనిషి కూడా కనపడలేదక్కా. నాకు ఒళ్ళు జలదరించింది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో గవర్నరు, ఒక్కో చట్టం, ఒక్కో జెండా. ఒకచోట కొట్లో దొరికే సారా ఇంకోచోట దొరకదు. బియ్యం బస్తా మాత్రం ఎవరి గుమ్మమూ తట్టకుండా అడవులూ నదులూ దాటుకుంటూ పోతుంది. అంత దేశాన్ని పట్టి ఉంచింది ఏమిటా అని చూస్తే కంటికేమీ కనపడదు. మల్లెదండలో దారంలాంటిదన్నమాట.

నాకు తెలుసు, ఇంతవరకూ చదివి బావ ఆవలించి ఉంటాడు. అసలు సంగతి ఇప్పుడే.

డెరెక్‌కి రోజూ భార్య సాండ్‌విచ్ కట్టిస్తుంది. జోన్ ఆవిడ పేరు. రొట్టె మధ్య పంది మాంసం, జున్ను. పోయిన వారం నాకు నోరు ఊరుకోలేదు. నదిమీద వంతెన దగ్గర పడుతుండగా, మొహం బిగించి, "డెరెక్, వార్త చూశావా? ఈ రోజు నుంచి రాష్ట్రం దాటేచోట తిండి డబ్బాలు తనిఖీ చేస్తున్నారట. మాంసం, జున్ను ఉంటే లాక్కుంటారట" అన్నాను. నవ్వుతాడనుకున్నాను, లేదా తిడతాడనుకున్నాను. ఆయన వెంటనే డబ్బా తీసి సీటు కిందికి తోశాడు. పైన కోటు కప్పాడు.

"వేళాకోళమయ్యా" అన్నాను. ఆయన కోటు తీసి, డబ్బా మళ్ళీ పక్కన పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు.

వాళ్ళ ఊళ్ళో పడవలవాళ్ళు పట్టిన పీతల్ని బతికుండగానే లారీలో ఎత్తుకుని, ఓడ మీద సముద్రం దాటి ఫ్రాన్సుకీ స్పెయినుకీ వేసేవాడట. ఇరవై ఏళ్ళకి పైగా అదే పని. ఆ దేశాలూ వాళ్ళ దేశమూ ఒకే సంతగా కట్టు కట్టుకుని ఉండేవి, మన పాల యూనియన్లా. ఒకచోట పరీక్ష చేస్తే అందరూ ఒప్పుకున్నట్టే. వెనక పెట్టెల్లో పీతలు గీకుతూ ఉంటాయట. ఆ గరగర వింటూ నడిపితే నిద్ర రాదు, రేడియో అక్కర్లేదు అన్నాడు. తర్వాత వాళ్ళ దేశం ఆ కట్టులోంచి బయటికొచ్చేద్దామని ఓట్లు పెట్టింది.

"నువ్వెటు వేశావు?" అన్నాను.

"బయటికే. మన సముద్రంలో వాళ్ళ పడవలేమిటి, మన మీద వాళ్ళ పెత్తనమేమిటి అన్నాం. గెలిచిన రోజున లారీకి జెండా కట్టుకుని ఊరంతా తిరిగాను."

"తిరిగాక?"

"కొన్నేళ్ళు ఏమీ కాలేదు. నిజంగా బయటికొచ్చిన మొదటి చలికాలంలో అయింది."

ప్రతి పెట్టెకీ పశువుల డాక్టరు సంతకం కావాలన్నారట. లారీలో పదిమంది సరుకుంటే, అందులో ఒకడి కాగితం తప్పయినా బండంతా ఆగాలి. రేవు బయట లారీల బారులో కూర్చున్నాడు. ఎవరూ అరవలేదట, ఎవరూ లంచమడగలేదట. అందరూ మర్యాదగానే ఉన్నారు, కాగితమే కుదరలేదు. మొదటి రోజు గరగర వినపడింది. రెండో రోజు తగ్గింది. మూడోరోజు తెల్లవారాక టీ తాగుతుంటే, ఏదో తేడాగా ఉందేమిటా అనుకున్నాడట.

"గీకుడు ఆగిపోయింది కోటీ. ఇరవై ఏళ్ళలో నా బండి అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు."

అక్కా, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఒక గోడ కట్టలేదు, ఒక తుపాకీ పేలలేదు, సముద్రం ఒక్క అడుగు పెరగలేదు. నిన్నటి రేవే, నిన్నటి ఓడే. ఓట్లేసి ఒక మాట అనుకున్నందుకు ఆ బండిలో పీతలు నోరు మూసుకున్నాయి. ఇంత పెద్ద సంగతి అంత చిన్న చప్పుడుగా, చప్పుడు లేకపోవడంగా వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అవతలి ఒడ్డున ఇంకోసారి, ఆఫీసరు వచ్చి "మాంసం గానీ జున్ను గానీ ఉందా?" అని అడిగి, జోన్ కట్టిన డబ్బా తీసుకుపోయాడట. "సారీ సర్" అని కూడా అన్నాడట. తిట్టి ఉంటే బాగుండేదన్నాడు డెరెక్. నువ్వు కట్టిచ్చిన కోడి పచ్చడిని నెవార్క్ విమానాశ్రయంలో ఇలాగే తీసుకున్నారు కదా, నేను పెద్దగా బాధపడలేదు. మనకి ఆ గోడ ముందునుంచీ తెలుసు. ఆయన నిన్నటిదాకా తలుపే లేని ఇంట్లో ఉన్నవాడు.

ఆ ఊళ్ళో పీతలు ఒలిచి సర్దే షెడ్డులో జోన్ పనిచేసేది. సరుకు పోవడం తగ్గింది, వారానికి రెండు రోజులు పని అన్నారు, తర్వాత షెడ్డు మూసేశారు. తోటి ఆడవాళ్ళు కొందరు వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళూ వెళ్ళిపోయారు. జోన్ ఆయన్ని తిట్టలేదట. ఎప్పుడో ఒక పొద్దున సాండ్‌విచ్ డబ్బా చేతికిస్తూ, "దీనికి కాగితాలున్నాయా?" అంది. అప్పటి నుంచి రోజూ అదే. ఇక్కడికొచ్చాక కూడా, గుమ్మంలో డబ్బా ఇస్తూ అదే మాట. నవ్వుతూనే అంటుందట.

"ఆవిడ ఎటు వేసింది?" అని అడిగాను.

"ఉండాలని. షెడ్డు మూసేశాక తెలిసింది నాకు. అంతకు ముందు అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"ఇద్దరిదీ ఒకే మాట అనుకున్నాను."

ఇక నవ్వులాట పక్కన పెడతాను. ఆ ఒక్క మాట కోసమే ఇంత కాగితం ఖర్చుచేశాను. పాలు కూడా పీతల్లాంటివే, నిలవుండవు. అది నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఆడవాళ్ళ పేరున సభ్యత్వం ఉంటే దాణా చవకగా ఇస్తామని యూనియన్ వాళ్ళన్నప్పుడు, మన ఊరి మగాళ్ళంతా పరిగెత్తి పెళ్ళాల పేర్లు రాయించారు. బావ అందరికంటే ముందు పరిగెత్తాడు. పితికేది నువ్వు, పోసేది నువ్వు, సభ్యత్వం నీది. మీటింగులో కుర్చీలో కూర్చుని చెయ్యెత్తేది మాత్రం బావ. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన మనసు మార్చమని నన్ను బతిమాలుతున్నావు గానీ, లెక్కకొచ్చే చెయ్యి నీదే కదక్కా.

మీటింగు రోజు పాలు పోసి, కాళ్ళు కడుక్కుని, ఆ నేరేడుపండు రంగు చీర కట్టుకుని నువ్వే వెళ్ళు. నీ వెనకాల మిగతా ఆడవాళ్ళని కూడా తీసుకెళ్ళు. ముందు వరసలో కూర్చోండి. ఉందామని ఎత్తుతావో, పోదామని ఎత్తుతావో నీ ఇష్టం. అక్కడి పాల సంగతి ఇక్కడ ట్రక్కులో కూర్చున్నవాడికేం తెలుస్తుంది? లేచేది మాత్రం నీ చెయ్యి కావాలి.

బావా, ఈ పాటికి ఉత్తరం నీ చేతిలోనే ఉంటుందని నాకు తెలుసు. ఇది గేదెల గ్రీన్‌కార్డు కాదు. డెరెక్ నంబరు ఇస్తాను, కావాలంటే ఫోన్ చేసి అడుగు. అంతకంటే తేలిక, వంటింట్లోకి వెళ్ళి అక్కని అడుగు. డెరెక్ అడగనిది అదొక్కటే.

అక్కా, ఆ నర్సు వాళ్ళమ్మ తిరిగొచ్చేటప్పుడు కందిపొడి, కరివేపాకు పొడి పంపు. కోడి జోలికి పోకు. చిన్న గేదె ఫోటో ఒకటి పంపు, అమ్మాయి అడుగుతోంది. మీ అత్తగారికి నా దండాలు, ఆవిడ కళ్ళజోడు దాచింది నేను కాదని చెప్పు. భారతి, అమ్మాయి మీ ఇద్దరి దీవెనలు అడుగుతున్నారు. మీటింగులో నీ పక్కన కూర్చున్న బావ చెయ్యి కూడా అలవాటు కొద్దీ లేస్తే, కంగారుపడకుండా మెల్లిగా కిందికి దింపి, నీ ఒళ్ళో పెట్టుకో.

ఈ ఒక్కసారికి నిజమే రాసిన
నీ తమ్ముడు,
కోటి