ప్రార్థన గుడ్డ

చిట్టితల్లి రొవీనాకు,

ఇంతవరకు మనల్ని నడిపించిన ప్రభువుకు స్తోత్రం. ఇక్కడ కొండల్లో నేనూ మీ అమ్మ లూడీ కులాసాగానే ఉన్నాం. నా మోకాలొక్కటే మొరాయిస్తోంది. ప్రార్థనలో అరిగిందని సంఘంలో అందరూ అనుకుంటారు గాని, బొగ్గు లారీల కింద దూరి అరిగింది. అక్కడ డేటన్‌లో నువ్వూ, అల్లుడు ఎమెట్, నీ కడుపులోని బుజ్జిప్రాణం క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముప్పై ఆరో వారం పరీక్షలో గ్రూప్ బి స్ట్రెప్ అనే బాక్టీరియా కనబడిందనీ, నొప్పులు మొదలయ్యాక నరంలోకి పెన్సిలిన్ ఎక్కిస్తామన్నారనీ రాశావు. "ఇది నా పాపానికి శిక్షా నాన్నా? మందు వద్దంటాను. నువ్వు నూనె రాసి ప్రార్థించిన గుడ్డ పంపు, చాలు" అన్నావు. ఈ మాట నీకు నేర్పిందెవరు? నేనే. డాక్టరు గుమ్మం తొక్కినవాడు అవిశ్వాసి అని ఇన్నేళ్ళూ ప్రసంగాల్లో బల్ల గుద్ది అరిచింది నేనే.

ఆదివారం ఆరాధన అయ్యాక, క్లినిక్‌లో నర్సుగా చేసే ఓర్ఫా సిస్టర్‌ని అడిగాను.

"పాపమేంటి బ్రదర్! నలుగురైదుగురిలో ఒకరికి ఉంటుంది. తల్లికి తెలియనైనా తెలీదు. కాన్పులో బిడ్డకి అంటితేనే భయం."

"మరి ఇప్పుడే మాత్రలు మింగేస్తే?"

"కాన్పు నాటికి మళ్ళీ మొలుస్తుంది, మీ పెరట్లో గడ్డిలాగ. నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా వెంటనే వెళ్ళాలి. మందు పడ్డాక నాలుగు గంటలైనా గడిస్తే మేలు."

"ప్రార్థన చాలదంటావా?"

"మీ లారీ బ్రేకులకి నూనె రాసి, ప్రార్థన చేసి కొండ దింపుతారా బ్రదర్?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి లేఖనం తెరిచాను. చావుకు దగ్గరైన హిజ్కియా రాజు ప్రార్థన దేవుడు విన్నాడు. విన్నాక కూడా ప్రవక్త అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. ఆ చోటు ఎన్నిసార్లు చదివానో! ప్రతిసారీ ప్రార్థన దగ్గర హల్లెలూయ అని కేకవేసి, ఆ ముద్దను దాటుకుపోయాను.

ఇక ఫోనులో చెప్పలేక దాచుకున్న సంగతి. నీ తమ్ముడు సైలస్ ఇంట్లోనే పుట్టాడు. అప్పుడు నీకు మూడేళ్ళు. రెండోరోజు పొద్దున పాలు తాగలేదు, మూలుగుతున్నాడు. ఆసుపత్రికి పోదామని మీ అమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. "విశ్వాసం లేని మాట ఆడకు" అని గద్దించాను. వాడి నుదుట నూనె రాసి, ఆమెను నా పక్కన మోకరింపజేశాను. సాయంత్రం తీసుకెళ్ళాను. మర్నాడు పోయాడు. తర్వాత డాక్టరు చెప్పిన పేరు, నీ ఉత్తరంలో ఉన్న పేరే.

మంచు పడి కొండదారి మూసుకుపోయి ఆలస్యమైందని నీకు చెబుతూ వచ్చాను. అబద్ధం. దారి తెరిచే ఉంది.

నీ ఉత్తరం చదివి మీ అమ్మ ఒక్కటే అడిగింది: "నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?"

గుడ్డ పంపుతున్నాను. సైలస్ దుప్పటి అంచునుంచి అమ్మే కత్తిరించింది. నూనె రాసి ప్రార్థించాను. సూది గుచ్చి మందు ఎక్కించాక ఆ చేతికి కట్టుకో. అంతకుముందు కట్టావో, అది వట్టి పాతగుడ్డ. నన్ను క్షమించే సంగతి నెమ్మదిగా చూసుకుందువు. ముందు సంచి సర్దుకో. మొదటి నొప్పికే ఎమెట్‌ని కారు తీయమను.

దారి తెరిచే ఉందమ్మా. వెళ్ళు.

ఇట్లు,
నీ కోసం మోకరించి ఉన్న
నాన్న