ముప్పై అయిదో వంతు లారీ

మార్చి 9, ఆదివారం

చిరంజీవి అమ్మాయికి,

హారన్ బాబాయి దీవెనలు. ఇక్కడ నేనూ మీ పిన్నీ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ మీ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా మోకాళ్లు మాత్రం ఈ కులాసాలో చేరవు, వాటి దారి వాటిది.

నీ ఉత్తరం, దాంతోపాటు పెట్టిన ఫొటోలు అందాయి. ఫోన్ చేస్తే పోయేదానికి ఇంత ఉత్తరం ఎందుకని మీ పిన్ని అడిగింది. ఫోన్లో నాకు సగమే వినపడుతుందనీ, వినపడని సగం నేనే కల్పించుకుని జవాబు చెబుతాననీ ఆ పిల్లకి తెలుసు కాబట్టే రాసిందన్నాను. ఉద్యోగమంతా మిలటరీ లారీ ఇంజను పక్కన కూర్చున్న చెవులు ఇంతకంటే ఎలా ఉంటాయి?

ముందు నువ్వు చేసిన బొమ్మ లారీ సంగతి రాస్తాను. కిటికీ దగ్గరికి బల్ల జరుపుకుని, భూతద్దం పెట్టి ఫొటోలన్నీ ఒకటికి నాలుగుసార్లు చూశాను. అసలు లారీలో ముప్పై అయిదో వంతు అని రాశావు. వంతుల సంగతి నాకు తెలియదు గానీ, మొదటి ఫొటో చూడగానే బల్ల కింద నా ఎడమ కాలు క్లచ్ కోసం వెతుక్కుంది. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ ముక్కలు ఒక్కొక్కటీ కోసి, ఆకురాయితో రుద్ది, అతికించి, రంగు వేసి ఇంత పని చేయడానికి ఎంత ఓపిక ఉండాలి. నీకు ఉండడంలో వింత లేదులే. పొద్దున లేస్తే కట్టుడు పళ్లు తయారుచేసే చేతులు నీవి.

కానీ తల్లీ, లారీ మరీ శుభ్రంగా ఉంది. షోరూము గుమ్మం ఇప్పుడే దిగినట్టు ఉంది. కట్టుడు పన్ను మరీ తెల్లగా ఉంటే ఎవరూ నమ్మరనీ, అందుకని పక్క పళ్లను చూసి ఓ చిన్న మరకో వంకరో కావాలనే పెడతాననీ ఒకసారి నువ్వే చెప్పావు. లారీకి ఆ న్యాయం ఎందుకు మరిచిపోయావో నాకు అర్థం కాలేదు. చక్రాల వెనకవైపు బురద దట్టంగా వెయ్యి, ముందువైపు పలచగా వెయ్యి. ముందు అద్దం మీద దుమ్ము పట్టించి, వైపరు తుడిచినంత మేర మాత్రం విసనకర్రలా వదిలెయ్. ఎక్కే మెట్టు మీద, తలుపు పిడి దగ్గర రంగు అరిగిపోయి ఇనుము కనపడాలి. డ్రైవరు వైపు తలుపు మీద మోచెయ్యి ఆనే చోటు కూడా అంతే. అక్కడ మాత్రం మెరుస్తుంది, నూనె రాసినట్టు.

పైకప్పు టార్పాలిన్ పలచటి కాగితంతో చేశానన్నావు, బ్రహ్మాండంగా కుదిరింది. ముడతలు కూడా సరిగ్గా ఇనుప కమ్మీల మధ్యే పడ్డాయి. ఒక్క తప్పుంది. అతుకుల మూలలు పలకగా కోశావు. గుండ్రంగా కొయ్యి. మూల పలకగా ఉంటే గాలికి లేస్తుంది, ఒక మూల లేచిందంటే అతుకు మొత్తం ఊడిపోతుంది. మీ నాన్న దబ్బనంతో వేసిన అతుకు లేవడం నేనెప్పుడూ చూడలేదు. యూనిట్‌లో అందరూ ఆయన్ని పిలిచిన పేరే దబ్బనం.

చూశావా, నువ్వడిగిన దాని దగ్గరికి నేనే వచ్చి పడ్డాను. ఎలాగూ వచ్చాను కాబట్టి అదే రాస్తాను.

మొన్న కత్తెర మీ అమ్మని పలకరించడానికి వచ్చాడనీ, కూర్చున్నంతసేపూ పాత కబుర్లు చెప్పాడనీ రాశావు. యూనిట్‌లో మా అందరికీ క్షవరం చేసినవాడు వాడు. బల్ల మీద నీ లారీ చూసి, డ్రైవరు సీట్లో నాన్నని పెడతానని నువ్వు అనగానే నవ్వాడట. దబ్బనం ఎప్పుడమ్మా స్టీరింగు పట్టింది, టార్పాలిన్లు కుట్టుకునేవాడు కదా అన్నాడట. నువ్వు ఊరుకోకుండా నాన్న వంకర బొటనవేలి సంగతి చెప్పావు. లారీ తోలుతుంటే విరిగిందని నాన్న నీకు చెప్పాడు మరి. దానికి వాడు, వేలు విరిగిందంటేనే డ్రైవరు కాదని తెలియడం లేదా అన్నాడట. స్టీరింగు మీద బొటనవేళ్లు పైన ఆనించి పెట్టాలి గానీ లోపలికి చుట్టకూడదు, ముందు చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగు గిర్రున తిరిగి లోపలి కమ్మీ వేలిని విరిచేస్తుంది, ఇది ప్రతి డ్రైవరుకీ మొదటిరోజే నేర్పుతారు అని కూడా చెప్పాడట.

అప్పటి నుంచి ఆ సీటు ఖాళీగా ఉంచేశావు. బ్రేకు పోయిన లారీని కొండకి రాసుకుంటూ ఆపిన కథ, రోడ్డు మధ్య పడుకున్న మేక తనంతట తను లేచేదాకా కాన్వాయ్ మొత్తాన్ని నిలబెట్టిన కథ, చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పినవన్నీ కోతలేనా అని అడిగావు. కోతలైతే చెప్పెయ్ బాబాయ్, ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టను, నాన్న చెప్పిన మిగతా వాటిలో మాత్రం ఏది నమ్మాలో నువ్వే చెప్పాలి అని రాశావు. ఆ వాక్యం దగ్గర కళ్లజోడు తీసి కాసేపు పక్కన పెట్టాను. ఏడాది కూడా కాలేదు మనిషి పోయి. గోడ మీది నాన్న ఫొటో కేసి చూడబుద్ధి కావడం లేదని కూడా రాశావు. అలా రాయకు తల్లీ.

కత్తెర మాటలకేం గానీ, వాడికి మొదటి నుంచీ నోరు ఎక్కువ. గడ్డం గీసేటప్పుడు ఎదుటివాడు పెదవి కదపలేడు కదా, తను చెప్పిందే వేదం అనుకోవడం అలా అలవాటైంది వాడికి. మీ నాన్న లారీ తోలాడు. ఇది నా మాట. మిలటరీలో ఒక్కడే పది పనులు చేస్తాడు, కుట్టేవాడు తోలకూడదని ఎక్కడా లేదు. వేళ్లంటావా, చెయ్యి తిరిగిన డ్రైవర్లకి కూడా ఎప్పుడో ఒకప్పుడు విరుగుతూనే ఉంటాయి. నువ్వు నిశ్చింతగా నాన్నని ఆ సీట్లో కూర్చోబెట్టు.

ఇక బొమ్మల సంగతి. చిటికెన వేలంత మనుషులకి చొక్కా గుండీలు కూడా కనపడేలా రంగు వేశావు. ముఖాలు మాత్రం అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, వెనక నలుగురూ, పక్క సీట్లో తుపాకీ పట్టుకున్నవాడూ, ఇంకా సీటెక్కని నాన్నా, ఆరుగురూ అన్నదమ్ములన్నట్టు. వెనక బల్లల మీద కూర్చున్న నలుగురిలో ఒకడు నిద్రపోతూ ఉండాలి. ఏ లారీలోనైనా నలుగురు ఎక్కితే ఒకడు నిద్రపోవాల్సిందే, అది రూలు. నాన్న మీసం సన్నగా గియ్యి. ఆ రోజుల్లో అంత దట్టంగా ఉండేది కాదు, ఎంత దువ్వినా పెరగడం లేదని తెగ బాధపడేవాడు.

మీ అమ్మ ఆరోగ్యం జాగ్రత్త. నేను అడిగానని చెప్పు. లారీకి బురద వేశాక ఇంకో ఫొటో పంపించు.

ఇట్లు,
నీ బాబాయి
హారన్

తా.క. కవరు అంటించబోతుంటే మీ పిన్ని ఉత్తరం తీసుకుని చదివింది. ఆమె చదవకుండా మా ఇంట్లోంచి ఉత్తరం బయటికి వెళ్లదు. చదివి, లారీకి ఏమేం కావాలో అన్నీ రాశారు, ఆ పిల్లకి కావాల్సింది మాత్రం రాయలేదు, సూటిగా అడిగితే నీళ్లు నమిలారేం అంది. అందుకని మళ్లీ కూర్చున్నాను.

కత్తెర చెప్పింది నిజం. మీ నాన్న డ్రైవరు కాదు. టార్పాలిన్లు, గుడారాలు, సీట్లు కుట్టేవాడు. ఆ లారీకి డ్రైవర్ని నేను. కొండకి రాసుకుంటూ లారీ ఆపింది నేను. మేక లేచేదాకా ఆగింది నేను. మేక రోజున మీ నాన్న వెనక కూర్చుని గుడారం కుట్టుకుంటూ, ఎందుకాపావు, ఎంతసేపు ఆపుతావు అని అరుస్తూనే ఉన్నాడు.

అయినా పైన నేను రాసింది అబద్ధం కాదు. మీ నాన్న లారీ తోలాడు. ఒకే ఒక్కసారి.

కొండ మీది పోస్టు నుంచి చిరిగిన టార్పాలిన్లు కిందికి తెస్తున్నాం, నేనూ ఆయనా ఇద్దరమే. ఉదయం నుంచీ నాకు జ్వరంగా ఉన్నా, దిగాక చూసుకుందాంలే అనుకుని బయల్దేరాను. సగం దారిలో వణుకు మొదలైంది. లారీ ఆపగలిగాను, అంతే, తర్వాత చేతులు నా మాట వినలేదు. వాన పడుతోంది. ఆ దారిన వేరే బండి ఎప్పుడు వస్తుందో తెలియదు. మీ నాన్న నా ఒళ్లు ముట్టుకుని చూసి, నన్ను పక్క సీట్లోకి జరిపి, పడిపోకుండా టార్పాలిన్ పట్టీ తీసి సీటుకి కట్టాడు. తర్వాత స్టీరింగు ముందు కూర్చున్నాడు. అంతకుముందు ఆయన సైకిలు తప్ప ఇంకేమీ తోలలేదు.

గేరు మార్చడం రాదు. మొదటి గేరులోనే కొండంతా దించాడు. ఇంజను గొంతు చించుకుని ఏడుస్తోంది. నాకు తెలివి వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడల్లా ఆయన లారీతో మాట్లాడుతున్నది వినపడేది. కొంచెం ఇటు తిరగండి బాబూ, మెల్లగా వెళ్దాం, మీకు పుణ్యముంటుంది అని లారీని బతిమాలుతున్నాడు. అంత జ్వరంలోనూ నాకు నవ్వొచ్చింది. ఓ మలుపులో చక్రం రాయికి కొట్టుకుంది, స్టీరింగు తిరిగింది. బొటనవేళ్లు లోపలికి చుట్టకూడదని ఆయనకి ఎవరు చెప్పారు? వేలు విరిగిన చప్పుడు ఇంజను హోరులో కూడా విన్నాను. ఆయన ఒక్క చేయి కూడా వదల్లేదు. వదిలితే ఎడమపక్క లోయ.

కింద ఆస్పత్రి దగ్గర ఎలా ఆపాలో తెలియక ఇసుక బస్తాల గోడకి గుద్ది ఆపాడు. ఎవరైనా వచ్చేలోగా నన్ను మళ్లీ డ్రైవరు సీట్లోకి లాగాడు. లైసెన్సు లేనివాడి చేతికి మిలటరీ లారీ ఇస్తే నా ఉద్యోగం ఊడేది, ఆయనదీ ఊడేది. తలుపులో పడి వేలు నలిగిందని డాక్టరుకి చెప్పాడు.

వార్డులో నాకు కాస్త నయమయ్యాక, నువ్వు తోలింది కూడా నా ఖాతాలో పడిపోయింది, మరి నీకేం మిగిలిందని అడిగాను. నీ దగ్గర బోలెడు కథలున్నాయిగా, అవి నాకిచ్చెయ్, రేపు నాకో పిల్ల పుడితే చెప్పుకుంటాను అన్నాడు. తీసుకో అన్నాను. అప్పటికి నువ్వు లేవు, మీ అమ్మ కూడా ఎవరో ఆయనకి తెలియదు. కాబట్టి ఆ కథలు నీ దగ్గర కోసిన కోతలు కావమ్మా. నేను ఇచ్చినవి. ఒక్క వేలి సంగతి మాత్రం నాది కాదు. లారీ తోలుతుంటే విరిగిందని నీకు చెప్పాడు చూడు, అదొక్కటే ఆయన సొంతం. ఎవరికీ చెప్పనని అప్పుడు నాకిచ్చిన మాట కోసం మిగతాదంతా దాచుకుని, ఆ ఒక్క ముక్కా నీకు చెప్పాడు. ఇక దాచాల్సిన పని లేదు. నా ఉద్యోగమూ అయిపోయింది, ఆయనా వెళ్లిపోయాడు.

అందుకని బొమ్మలు మార్చాలి. వెనక ఉన్న నలుగురినీ దించేసి, అక్కడ చిరిగిన టార్పాలిన్లు కుప్పగా పడెయ్. నాన్నని డ్రైవరు సీట్లోనే కూర్చోబెట్టు, బొటనవేళ్లు స్టీరింగుకి చుట్టి. పక్క సీట్లో నిటారుగా కూర్చున్నవాడి చేతిలో తుపాకీ తీసెయ్. నడుముకి ఓ పట్టీ కట్టు. మెడ దగ్గర జాగ్రత్తగా కోసి, తల మీ నాన్న భుజం మీదికి వాల్చి అతికించు. వాడు నేను.