తాత ఇరవై శాతం బేరం

అమ్మా, నీ మామగారి పరువును ఎల్బీనగర్ ఆసుపత్రిలో కాపాడలేకపోయిన ఈ పాపిని క్షమించు. ఫోన్లో చెబితే తాత వింటాడని కార్డు రాస్తున్నాను. శుక్లం ఆపరేషన్ బాగా జరిగింది.

ముందురోజు కౌంటర్‌లో అమ్మాయి, ఇన్సూరెన్స్ ఉన్నా బిల్లులో ఇరవై శాతం మనమే కట్టాలంది. చీరల వ్యాపారి మన తాత ఊరుకుంటాడా? "పదికి చెయ్యి బిడ్డా" అన్నాడు. "అది పాలసీ రూలండీ" అందామె. "అయితే ఆపరేషనే వద్దు" అని లేచి, "ఎన్కకు పిలుస్తది చూడు" అని నా చెవిలో చెప్పి మెట్రో స్టేషన్ దాకా నడిచాడు. ఎవరూ పిలవలేదు. తాత మొహం చిన్నబోయింది. అప్పుడు తాతకు ఫోన్ వచ్చింది, పద్దెనిమిదికి ఒప్పుకున్నారని. మీసం దువ్వుకుంటూ వెనక్కి తిరిగాడు.

మెత్తటి తువ్వాళ్లు రెండు పంపు. ప్రసన్న పరీక్షలు అయ్యాయా? రెండో కంటికి పదిహేనుకు దింపుతాడట, నాన్నకు చెప్పు. అందరికీ దండాలు.

మెట్రో స్తంభం చాటు నుంచి గొంతు మార్చి ఆ ఫోన్ చేసింది నేనే, ఆ రెండు శాతం కట్టిందీ నేనే. మసక కంటికి ఫోన్‌లో నా పేరు కనబడలేదు. ఇక కనబడుతుంది.

నీ క్రాంతి