మూడుసార్లు విప్పిన కుట్లు

ప్రియమైన అమ్మకు,

హాస్టల్ బాగానే ఉంది. టీ మాత్రం వేణ్ణీళ్ళలా ఉంటుంది, నీకైతే తిట్టడానికి చేతినిండా పని. నా సంగతి ఇక్కడెవరికీ తెలియదు. మిగతా పదహారేళ్ళ పిల్లల్లాగే ఉన్నాను. కానీ పాలు ఇంకా ఆగలేదమ్మా. క్లాసులో పుస్తకాలు గుండెలకి అదుముకుని కూర్చుంటున్నాను. పాప రాత్రుళ్ళు ఏడుస్తోందా? నిన్ను అమ్మా అని పిలవడం మాత్రం నేర్పకు.

నీ కూతురు

బంగారుతల్లికి,

నీ ఉత్తరాలన్నిటికీ కలిపి ఇప్పుడు జవాబు రాస్తున్నాను, తిట్టుకోకు. పాప కుట్టుమిషన్ కింద గుడ్డముక్కలతో ఆడుకుంటోంది. కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళ చూపులన్నీ దాని మీదే. ఈ వయసులో నాకు బిడ్డేమిటని నవ్వుకుంటున్నారు. నీ పేరు ఎత్తనంతవరకూ నవ్వుకోనీ, నాకేం పోయింది? నేను నేర్పలేదే, నిన్న అదే నన్ను అమ్మా అంది. సెలవులకి రాకు. మీ ఇద్దరి ముఖాలూ పక్కపక్కన చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

అమ్మ

అమ్మకు,

మూడేళ్ళుగా రావద్దంటున్నావు, రాలేదు. మందుల షాపులో పనికి కుదిరాను. నిన్న ఒకమ్మాయి స్కూలు యూనిఫాంలో వచ్చి, తలెత్తకుండా గర్భపరీక్ష కిట్టు అడిగింది. వెనకున్నాయన అందరూ వినేలా "సిగ్గులేని పిల్లలు" అన్నాడు. దానికి కారణమైన అబ్బాయి ఎవరో మాత్రం ఎవరూ అడగరు కదమ్మా. నా కడుపు సంగతి ఏడో నెల దాకా నీ దగ్గర దాచాను, ఆ తప్పు క్షమించు. పాపని బళ్ళో వేస్తానని రాశావు. ఫారంలో తల్లి పేరు దగ్గర నా పేరు రాయవూ?

నీ కూతురు

నా తల్లీ,

నువ్వేమీ దాచలేదు. ఆ ఏడాది నీ స్కూలు స్కర్టు నడుము మూడుసార్లు విప్పి కుట్టాను. మొదటిసారి ఎదుగుతున్నావనుకున్నాను. రెండోసారి టేపు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. మూడోసారి తెలిసి కూడా నోరు మెదపలేదు, ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాను. అడిగితే నిజమైపోతుందని భయపడ్డాను. అడగమన్నట్టు నువ్వు నా వంకే చూస్తూ నిలబడ్డావు. నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను. క్షమించాల్సింది నువ్వే.

ఫారంలో నీ పేరే రాశాను. గుమాస్తా నీ వయసూ పాప వయసూ రెండుసార్లు చూసి నా ముఖంలోకి చూశాడు. "నా కూతురి బిడ్డే" అన్నాను. సాయంత్రానికి వీధంతా పాకింది. ఇద్దరు కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకెళ్ళారు.

ఇక వచ్చెయ్. కానీ పాప నీ దగ్గరికి రాదు. నా వెనక దాక్కుని, ఈవిడెవరమ్మా అని నన్నే అడుగుతుంది. దాని ముందు ఏడవకు. దాని బడి స్కర్టు నడుములో గుడ్డ ఎక్కువే వదిలాను, ఇకపై కొలతలు నువ్వు తియ్యి. ఎప్పుడైనా అది నీ వంకే చూస్తూ నిలబడితే, చేతిలో పని పక్కన పెట్టి ఏమిటని అడుగు.

అమ్మ